రోజూ పొద్దున వినిపించే చప్పుడు

ఢిల్లీ, జనక్‌పురి. మే నెలలో ఒక ఆదివారం ఉదయం. భీమశంకరంగారి ముందుగది. ఆయనతోపాటు, మేడమీద గదిలో అద్దెకుండే వర్షిణి, నిన్ననే కరీంనగర్ నుంచి వచ్చిన ఆమె తల్లి సుభద్ర.

"మీ ప్రింటర్ మళ్ళీ అదే చప్పుడు అంకుల్. గర్ర్‌మని మొదలై టకటకటక కొట్టుకుంటున్నది. ఎర్ర లైటు ఆగుతలేదు."

"ఆపమ్మా, ఆపు. ప్లగ్గు తీసెయ్. కాసేపు ఊపిరి పీల్చుకోనిద్దాం దాన్ని."

"అది ఊపిరి పీల్చుకునేదాంక ఆగే టైం నాకు లేదంకుల్. ఎన్నిసార్లు తీసి పెట్టాలె ప్లగ్గు?"

"కాయితం సరిగ్గా పెట్టావా?"

"కాయితం లేకుండా కూడ గట్లనే మోగుతున్నది."

"అన్నయ్యా, తప్పంత నాది. బిడ్డనేమనకుండ్రి."

"అమ్మా, నువ్వు కొంచెంసేపు ఊకో."

"ఎట్ల ఊకోవాలె బిడ్డా? హాల్‌టికెట్‌కు నాలుగు మూలల పసుపు రాసి దేవుని కాడ పెట్టుడు మా ఇంట్ల అలవాటు అన్నయ్యా. దీని పదో తరగతి కాడికెళ్లి పెడుతున్న. ఎన్నడు ఏం గాలె. ఇయ్యాల దీపపు కుందె ఒరిగి నూనె పారింది. పక్కన్నే కుంకుమ గిన్నె..."

"ఏదీ, చూపించండి."

"చూడండి అంకుల్. నా మొహం ఉన్నకాడ ఎర్రటి ముద్ద. పేరు మీద నూనె. గేటు కాడ దీన్ని చూసి నన్ను లోపలికి పంపుతరా?"

"ఒక్కటే కాపీ తీసుకున్నావా అమ్మా?"

"రెండు తీసిన. రెండూ పెట్టింది అమ్మ. ఒకటి వినాయకుని ముందర, ఒకటి సరస్వతి ముందర."

"రెండున్నయి గదా అని పెట్టిన."

"ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోరా?"

"ఒప్పుకోరంకుల్. కాయితమే ఉండాలె."

"మెట్రో స్టేషన్ పక్కన జిరాక్సు షాపు ఉందే, అక్కడ..."

"ఉరికిపోయి చూసొచ్చిన. షట్టర్ వేసున్నది. మార్కెట్‌ల షాపులు గూడ అంతే. ఆదివారం పదింటి దాంక తియ్యరట. నేహాకు ఫోన్ చేసిన, నాతోటి చదువుకునే అమ్మాయి, వాళ్ళింట్ల ప్రింటర్ ఉంటది. ఎత్తుతలేదు. నా పరీక్ష సెంటర్ ఫరీదాబాద్‌ల పడ్డది, గంటన్నర దారి. తొమ్మిదికి గేటు మూస్తరు. పదింటికి షాపు తీస్తే నాకెందుకు?"

"కంగారు పడకు. కంగారు పడితే అక్కడ రాయలేవు."

"మీ దగ్గర ప్రింటర్ ఉన్నదన్న ధైర్యంతోటే కిందికి దిగొచ్చిన. రోజూ పొద్దున తీస్తరు గదా ఏదో ఒకటి. చదువుకుంటుంటే నాకు పైకి వినిపిస్తది. గర్ర్, టకటక. ఇదే చప్పుడు."

"వినిపిస్తుందా పైకి?"

"నాకు అలారమే అక్కర్లేదు."

"అయ్యో. చెప్పకపోయావా, తలుపు వేసుకునేవాణ్ణి."

"అందుకు చెప్తలేనంకుల్. గట్ల మోగుకుంటనే ప్రింట్లు వస్తున్నయా అని అడుగుతున్న. ఆఖరుసారి ఎప్పుడొచ్చింది కాయితం?"

"వాడకపోతే సిరా ఎండిపోతుందంటారు కదా. అందుకని పొద్దున్నే ఒకసారి ఆన్ చేసి, కాసేపుంచి, ఆపేస్తుంటాను."

"కాయితం ఎప్పుడొచ్చింది అంకుల్?"

"ఈమధ్య తీయలేదమ్మా."

"ఈమధ్య అంటే?"

"సుభద్రమ్మా, మీరు కూర్చోండి. చెమటలు పట్టేశాయి మీకు. కూలర్ ఇటు తిప్పుతానుండండి."

"నా చెమటలకేం గాని, అది అడిగింది చెప్పుండ్రి అన్నయ్యా."

"హలో. హా భయ్యా. హా, వహీ గేట్. బస్ దో మినట్, భయ్యా. క్యాన్సిల్ మత్ కర్నా, ప్లీజ్... క్యాబ్ వచ్చేసింది అంకుల్. బయట గేటు కాడున్నడు."

"టీ తాగుతాడేమో. నేను వెళ్ళి కాసేపు మాటల్లో పెడతాను."

"మీరు పోవద్దు. ఇటు చూడండి. మూత తెరిచి టార్చ్ వేసి చూసిన. సిరా డబ్బాలున్నయి గదా, అవి ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలె. సగం దూరం పోయి, దేనికో తాకి వెనక్కి వస్తున్నయి. లోపల ఏదో పడ్డది."

"ఏముంటుందమ్మా పడడానికి?"

"ఏదన్న కావచ్చు. పెన్ను మూత, క్లిప్పు, నాకేం తెలుసు? ఫోన్‌ల వీడియో చూసిన, గదే చెప్తున్నడు. ఇట్లాంటి చప్పుడైతే లోపల ఏదో ఇరికిందట. బోర్లించి దులపాలట."

"బోర్లించొద్దు."

"ఎందుకు?"

"సిరా కారుతుంది. పరీక్షకి వెళ్ళే బట్టలు పాడవుతాయి."

"బట్టలకేమున్నది అంకుల్? లోపలికి పోతే గదా బట్టలు."

"ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం. ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుంది."

"చూడండి మరి. మీరే చూడండి... విన్నరా? సర్దుకున్నదా?"

"అన్నయ్యా, మీరొక పక్క పట్టుండ్రి, నేనొక పక్క పడత. ఏమంత బరువున్నది? దీనికంటే మా బియ్యం డబ్బా బరువుంటది."

"వద్దండీ."

"పోనీ స్క్రూడ్రైవర్ ఇయ్యండి. వెనక మూత నేనే విప్పుత."

"స్క్రూడ్రైవర్ లేదమ్మా ఇంట్లో."

"ఇదేంది అన్నయ్యా, టీవీ కింది సొరుగుల?"

"అదా. అది... చిన్నది. గడియారానికి వాడేది."

"ఇక్కడి స్క్రూలు గూడ చిన్నయే అంకుల్."

"వర్షిణీ, అది తియ్యకమ్మా."

"అంకుల్, మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. పాడైతదని భయమా?"

"పాడవుతుందని కాదు."

"మరేంది?"

"ముందు ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వమ్మా."

"నేనేమన్న తప్పుగ అడుగుతున్ననా? ఇది నా ఆఖరుసారి. వచ్చే యేడు వయసు దాటిపోతది, రాస్తనన్నా రానియ్యరు. మీ పైగదిల ఎండకు ఉడికి, చలికి బిగుసుకొని చదివిన. తమ్ముని పెండ్లికి పోయి, తలంబ్రాలు గాంగనే బండెక్కి వచ్చిన. పేపర్ చూసి, రాయరాక ఓడిపోతే ఓడిపోత. ఎవర్ని ఏమన. కని గేటు బయట నిలబడి ఓడిపోలేనంకుల్. అది నాతోని కాదు."

"ఏడ్వకు బిడ్డా. నా చేతులు ఇరగ. నేను రాకుంటనే అయిపోవు, ఊర్లనే ఉండి దండం పెట్టుకుంటే అయిపోవు."

"నువ్వు ఏడ్వకమ్మా. నువ్వు ఏడిస్తే నేను అస్సలే ఆగలేను."

"సుభద్రమ్మా."

"ఏందన్నయ్యా?"

"లోపలి గదిలో బీరువా ఉంది. పై అరలో తెల్ల కండువా. కాస్త తెచ్చిపెడతారా?"

"కండువా ఎందుకు?"

"కింద పరవాలి."

"నిన్నటి పేపర్ ఉన్నది గదా, అది పరుస్త."

"పేపర్ మీద వద్దండీ. కండువాయే తీసుకురండి."

"ఇగో. కని తెల్లగున్నది, జరీ అంచుది. సిరా మరకలు పోవు."

"పోకపోతే ఉండనీండి. ఆ చివర సర్దండి, ముడత లేకుండా. వర్షిణీ, ఇటు జరుగు. నేను బోర్లిస్తాను."

"నేను ఒక పక్క పట్టుకుంట."

"వద్దమ్మా. నేనే."

"మెల్లగ అంకుల్. ఇంకొంచెం వంచండి. లోపల గలగలమంటున్నది. ఊపండి ఒకసారి... పడుతున్నయి. ఏందివి, రాళ్ళా?"

"పచ్చగున్నయి బిడ్డా."

"బియ్యం. అమ్మా, ఇవి బియ్యం గింజలు. ప్రింటర్‌ల బియ్యమేంది అంకుల్?"

"ముందు ప్లగ్గు పెట్టు. క్యాబ్ వెళ్ళిపోతుంది."

"పెట్టిన."

"ఊఁ?"

"మోగుతలేదు."

"ఆగిపోయిందా?"

"ఆగలేదు, నడుస్తున్నది. వినండి. సుయ్యిమని ఆ చివరి దాంక పోయి వస్తున్నది, అంతే. పచ్చ లైటు వచ్చింది."

"పంపు అయితే."

"పంపిన. కాయితం తీసుకుంటున్నది... వస్తున్నది అంకుల్. అక్కడక్కడ గీతలు పడ్డయి. పేరు మంచిగున్నది. నంబరు మంచిగున్నది."

"మొహం?"

"నాదే. కొంచెం నీలంగ ఉన్న."

"రాత్రంతా చదివిన మొహం అలాగే ఉంటుంది. రెండో కాపీ తియ్యి."

"మూడు తీస్త. అమ్మా, ఒక్కటి గూడ ముట్టకు."

"ముట్ట. చూడు, చేతులు వెనక్కి పెట్టుకున్న. అన్నయ్యా, ఇవి ఉట్టి బియ్యం కావు. నూనె రాసి పసుపు కలిపినయి. అక్షింతలు ఇవి."

"మా జానకి కలిపినవి."

"అక్కయ్యనా?"

"ఆయుధపూజనాడు ఇంట్లో కరెంటుతో తిరిగే ప్రతిదానికీ బొట్టు పెట్టేది. మిక్సీకి, కూలర్‌కి, వాషింగ్ మెషీన్‌కి. ప్రింటరు కొన్న ఏడాది దీనికీ పెట్టింది. 'పైన నాలుగు గింజలు వెయ్యవే, వెనక కాయితం దూరే చోట గుప్పెడు పోస్తావేంటి' అన్నాను. 'నోట్లో వేస్తేనే కదండీ కడుపులోకి వెళ్ళేది' అంది."

"ఎంత మంచిగ అన్నది."

"మర్నాటినుంచే ఈ చప్పుడు మొదలైంది. తప్పు చేశానండీ అని నవ్వింది. ఆ చలికాలం దాటలేదు ఆవిడ."

"అయ్యో. నాలెక్కనే ఉన్నది ఆమె గూడ. మంచి జరగాలని చేస్తే ఇట్లయింది."

"మీరు కాయితం మీద కుంకుమ పోశారు, ఆవిడ యంత్రంలో బియ్యం పోసింది. ఇద్దరూ కలిసి పిల్లని ఇంట్లో కూర్చోబెట్టేవారే కొంచెం ఉంటే."

"నవ్వకుండ్రి అన్నయ్యా. నాకింకా గుండె దడ తగ్గలె."

"హా భయ్యా, ఆ రహీ హూఁ. అంకుల్, పోతున్న. పెన్ను ఉన్నది, ఐడీ ఉన్నది, ఇవి ఉన్నయి. అమ్మా, నువ్వు ఇక్కడనే ఉండు."

"వర్షిణీ, ఒక్క క్షణం. తల వంచు."

"ఇవేనా అంకుల్? సగం గింజలకు సిరా అంటుకున్నది."

"నీ పరీక్ష సిరాతోనేగా. ఏం ఫరవాలేదు."

"కని... అన్నీ వెయ్యకండి. ఆంటీ చేతివి గదా. మళ్ళా రావు. కొన్ని మీరు దాచుకోండి."

"దాచుకునే కదమ్మా, రోజూ పొద్దున్నే దాన్ని ఆన్ చేసి ఆ చప్పుడు వింటూ వచ్చాను. అక్షింతలు దాచుకోవడానికి కావు. తల వంచు."