కండక్టరు పాట

మధ్యాహ్నం కుట్టుమిషను మీద వంగి ఉన్న అక్క ముందు తమ్ముడు తన అవార్డు తెచ్చి పెట్టాడు. జనం పడీపడీ నవ్వుతున్న టీవీ పాటల కామెడీ రాసింది అతనే.

“నా కామెడీ చూశావా అక్కా?”

“చూశాను. రోత పుట్టింది.”

“అదేంటి! పేపర్లన్నీ ఆకాశానికెత్తుతుంటే!”

“ఎత్తుకోనీ. అందులో నత్తి కండక్టరు ఎవర్రా?”

“ఎవరో ఒకరు. కథే కదా.”

“బస్సులో స్టాపుల పేర్లు పాటగా పాడే కండక్టరు నాన్న కాక ఇంకెవరున్నారు? సరదాకి పాడాడనుకున్నావా? మామూలుగా చెప్పబోతే నోరు పెగలదు. రాగం తీస్తేనే మాటొస్తుంది. ఇంట్లోనూ అంతే కదా!”

“ప్రేమతోనే రాశానక్కా.”

“ప్రేమా? మూతి వంకర్లు తిప్పించి, ఎదుటివాళ్ల మీద తుంపర్లు పడేలా ఆడించావు. దానికి చప్పట్లొకటి. ఛీ!”

“అందరూ బాగుందనే అన్నారు.”

“వాళ్లకేం, వాళ్ల నాన్న కాదుగా.”

“నాన్న చూశాడా?”

“చివరిదాకా చూశాడు.”

“ఏమన్నాడు?”

“అప్పట్నుంచీ పాడటం మానేశాడు. పొద్దున మంచినీళ్లు కావాలని నాకు చేత్తో సైగ చేశాడురా.”