బోర్గిల్డ్ డబ్బా

ఏ అడాప్టర్ కొనాలో నన్ను చెప్పమంటావా? కూర్చో తీరిల్, ముందు ఆ తడి కోటు తీసి హీటర్ పక్కన తగిలించు, క్లబ్బు నేలంతా నీళ్ళు చేస్తున్నావు. ఏదీ, ఆ ఫోన్ ఇటు తే. ఊఁ. ఇది నల్లది. ఇది ఇంకా నల్లది. బాగానే ఉన్నాయి. రేడియో లైసెన్స్ చేతికొచ్చి వారం తిరగలేదు, అప్పుడే కంప్యూటర్ చేత మోర్స్ కొట్టిద్దామని చూస్తున్నావు, తప్పులేదులే, ఈ రోజుల్లో అందరూ అంతే. కీబోర్డు మీద అక్షరాలు నొక్కుతావు, ఆ డబ్బా వాటిని చుక్కలూ గీతలూ చేసి రేడియోకి అందిస్తుంది, చెయ్యి నొప్పెట్టదు. అదుగో, వాఫిల్ పెనం దగ్గర నిలబడ్డాడు చూడు ఈవార్, వాణ్ని మాత్రం అడగకు. "కొనడమెందుకు, నేను చేసిస్తా కదా" అంటాడు. వాడు చేసిచ్చిన తీగ సంగతి బోర్గిల్డ్‌ని అడగాలి. అడుగుదామంటే ఆవిడ లేదు, పోయి చాలా ఏళ్ళయింది, అప్పటికి నువ్వు పుట్టి కూడా ఉండవు. ఆ గోడ మీద ఫోటోలో, అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఒకావిడ పక్కకి చూస్తోందే, ఆవిడే. పక్కన రేడియో మోగుతోంది మరి. ఫోటో కోసం వినడం మానేసే మనిషి కాదు.

ఆవిడ మాలాగా సరదాకి నేర్చుకున్నది కాదు. తీరం మీద ఓడల రేడియో స్టేషన్ ఉండేది, ఇప్పుడక్కడ పడవలకి రంగులేసే షెడ్డు ఉంది, ఆ స్టేషన్లో కూర్చుని చేపల ఓడలతో మోర్స్‌లో మాట్లాడడమే ఆవిడ ఉద్యోగం. గాలివానలో ఓడ ఎక్కడుంది, లోపల ఎవరికి జ్వరం, ఎవరి పెళ్ళానికి కొడుకు పుట్టాడు, అన్నీ ఆవిడ చేతిలోంచే పోయేవి. ఈ మోర్స్‌లో నీకు తెలియనిదొకటుంది, ఇప్పుడిప్పుడే వచ్చావు కదా. అక్షరాలు అందరివీ ఒకటే, కానీ చెయ్యి ఎవరిది వాళ్ళదే. నువ్వు మెట్లెక్కుతుంటే మీ అమ్మ చూడకుండానే నువ్వేనని చెప్పదూ, అలాగే. బోర్గిల్డ్ చెయ్యి ఎలా ఉండేదంటే, గీత కొంచెం సాగేది, గీత తర్వాత చుక్క తొందరగా వచ్చి అతుక్కునేది, విసుక్కుంటూ తలుపేసినట్టు. కాల్ సైన్, అదే రేడియోలో తన పేరు, చెప్పకముందే మేం నవ్వుకునేవాళ్ళం, అమ్మగారు వచ్చారని. ఫారో దీవుల్లో హనుస్ అని ఒకాయన ఉండేవాడు, ఒకప్పుడు చేపల ఓడలో రేడియో మనిషి. ఉద్యోగాలు అయిపోయాక కూడా వీళ్ళిద్దరూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మోర్స్‌లో కలుసుకునేవాళ్ళు. ప్రేమా? ఏమో నాకు తెలీదు, అడిగితే తన్నేది. ఎదురెదురుగా ఒక్కసారే కలిశారు, ఆయన ఊరి రేవులో, ఏదో కాఫీ కొట్లో. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదట. ఆయన ఈవిడ కాఫీ కప్పు వైపు చూస్తాడు, ఈవిడ కిటికీ వైపు చూస్తుంది. చివరికి ఆయన చెంచా తీసి బల్ల మీద టకటకా కొట్టాడు, "కాఫీ బాగాలేదు" అని. ఈవిడా చెంచా తీసింది. ఇంక కొట్టు మూసేదాకా లేవలేదట.

ఆ, చెయ్యి. ఆ చేతికే జబ్బు చేసింది. కుడిచెయ్యి వణకడం మొదలైంది, మొదట కప్పు కింద సాసర్ గలగలమనేది, తర్వాత మోర్స్ కొట్టే మీట మీద ఒక చుక్క కొడితే మూడు పడేవి. ఎడమచేత్తో ప్రయత్నించింది, అదీ అంతే. ఒక శనివారం ఇక్కడికి, ఇదే బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, "అస్లాక్, నాకో అడాప్టర్ కావాలి. కంప్యూటర్ కొట్టాలి, హనుస్‌కి మాత్రం తెలియకూడదు" అంది. ఉత్తరం రాసి చెప్పేయొచ్చు కదా అన్నాను. నన్ను ఎలా చూసిందో. "జబ్బు అని రాస్తే పరామర్శ మొదలెడతాడు. ఎలా ఉంది, మందులేసుకున్నావా, అవే ప్రశ్నలు. నాకు పరామర్శ వద్దు, నా ఆదివారం నాకు కావాలి" అంది. పోనీ మైకు పెట్టి నోటితో మాట్లాడు అన్నాడు ఈవార్. అదీ కుదరదు, హనుస్ ఎన్నిసార్లు పిలిచినా మైకులోకి రాడు, బద్ధకం అనుకునేవాళ్ళం మేమంతా. ఇంకేముంది, ఈవార్ ఆ సాయంత్రమే సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాడు. ఒక తీగ, మధ్యలో వేలి గోరంత ట్రాన్సిస్టర్, రెండు కొసలా ప్లగ్గులు. "చూడండి ఎంత సులువో" అని తెచ్చి తగిలించాడు. కంప్యూటర్ ఆన్ చేశాం. అది ఇంకా నిద్ర లేస్తూనే ఉంది, మేం ఏ బటనూ ముట్టుకోలేదు, ఆ తీగ కాస్తా మీట నొక్కిపట్టినట్టు రేడియోని పట్టుకుని వదిలిపెట్టదే. కూఁ అని ఒకటే మోత, అదీ జనం మాట్లాడుకుంటున్న చోట. జర్మనీ నుంచి ఎవరో, మీ పిల్లి మీట మీద పడుకుందా అని అడిగాడు. అది సర్దాం. తర్వాత అసలు గొడవ. ఆ తీగతో ఏమిటంటే, చుక్క ఎంతసేపు, గీత ఎంతసేపు అన్నది కంప్యూటరే లెక్కపెట్టుకోవాలి, దానికేమో వంద పనులు, మధ్యలో ఏదో గుర్తొచ్చి అటు తిరిగేది, ఈలోగా గీత సాగి సాగి ఎక్కడికో పోయేది. బోర్గిల్డ్ ఓపిగ్గా చివరిదాకా విని, "ఈవార్, నీ తీగ నాకంటే ఎక్కువ వణుకుతోంది నాయనా" అంది. వాడికి ఇప్పటికీ ఆ మాటంటే కోపం. చూడు చూడు, వింటున్నాడు వెధవ, చెవులు ఇటే ఉన్నాయి.

సరే, అప్పుడు నేను ఈ డబ్బా తెప్పించాను. ఇదిగో, ఇదే, పట్టుకో, పడెయ్యకు. దీని లోపల సొంత చిప్పు ఉంది, కాలం లెక్క దానిది. కంప్యూటర్ అక్షరాలు అందిస్తే చాలు, మిగతాది ఇది చూసుకుంటుంది, కంప్యూటర్ ఎంత పరధ్యానంగా ఉన్నా చుక్క చుక్కే, గీత గీతే. నువ్వు ఫోన్లో చూపించినవాటిలో రెండోది ఇలాంటిదే, మొదటిది ఈవార్ తీగకి మేనల్లుడు. ఈవార్ కూడా ఊరుకోలేదులే, వణికే వేలు ఒకే అక్షరాన్ని రెండుసార్లు నొక్కితే కంప్యూటర్ రెండోదాన్ని పట్టించుకోకుండా ఏదో సర్దిపెట్టాడు, మంచివాడే. ఆ ఆదివారం నేనూ ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఎర్ర స్వెటర్ వేసుకుని కూర్చుంది, పండక్కి తీసే స్వెటర్. టైపు చేసింది. గాల్లోకి పోయిన మోర్స్ ఉందే, అంత శుభ్రమైన మోర్స్ నేనెప్పుడూ వినలేదు. నాకు భలే సంతోషమేసింది. హనుస్ నుంచి జవాబు వచ్చింది: "ఎవరు మీరు?" బోర్గిల్డ్ తన పేరు కొట్టింది. "కాదు" అన్నాడు. వాళ్ళ రేవు కాఫీ సంగతి గుర్తుచేసింది. "ఆవిడ చెప్పి ఉంటుంది మీకు. ఇది కుట్టుమిషను, మనిషి కాదు. బోర్గిల్డ్‌కి ఏమైంది, నిజం చెప్పండి" అని కొట్టి, మళ్ళీ అడిగి, మేం ఏదో అనేలోగా వెళ్ళిపోయాడు. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "పోయాననుకుంటున్నాడు. నా పేరుతో ఇంకెవరో కూర్చున్నారనుకుంటున్నాడు" అంది. తెలియకూడదని కదా ఇంత చేశాం, తీరా చూస్తే మనిషినే లేకుండా చేశాం. "డబ్బా తీసుకుపో అస్లాక్, ఇంక చాలు" అంది. నేను తీసుకుపోలేదు. మొండివాణ్ణి కదా.

ఆ వారమంతా ఆలోచించాను. చేపలు శుభ్రం చేస్తూ కూడా అదే ఆలోచన, మా ఆవిడ తిట్టింది, పొలుసులన్నీ సింకులోనే వదిలేశావని. ఈ డబ్బాకి పక్కన ఇంకో చిల్లుంది, చూశావా, చిన్నది, ఇదిగో. అది మీట పెట్టుకోడానికి. కంప్యూటర్ కొడుతూ ఉండగా నువ్వు మీట ముట్టుకున్నావనుకో, అది టక్కున నోరు మూసుకుంటుంది. చెయ్యి వచ్చిందంటే మిషను తప్పుకోవాలి, దాని పద్ధతే అది. మళ్ళీ ఆదివారం వెళ్ళి, ఆవిడ పాత మీట తెచ్చి ఈ చిల్లులో పెట్టాను. "ఎందుకూ" అంది. "ఊరికే, ఉండనీ" అన్నాను. హనుస్ వచ్చాడు, పాపం ఎప్పటిలాగే ఆవిడ కాల్ సైన్ పిలుస్తున్నాడు. ఆవిడ టైపు చేసింది, మిషను జవాబిచ్చింది. ఆయన విసుక్కుని, "చాలించండి, ఎవరైనా సరే, ఇంక ఆ పేరు వాడకండి" అని మొదలెట్టాడు. అప్పుడు బోర్గిల్డ్ మీట మీద చెయ్యేసింది. నేను చెప్పలేదు, తనే వేసింది. తన పేరు కొట్టింది. ఎలా ఉందంటావు? ఘోరంగా ఉంది. చుక్కలు ఒలికిపోయాయి, గీతలు ముక్కలైపోయాయి, నాకైతే ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. అవతల ఏమీ లేదు. గరగర తప్ప ఏమీ లేదు. ఆవిడ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత హనుస్ నెమ్మదిగా కొట్టాడు, ఒక్కో మాటా ఆపి ఆపి. "బోర్గిల్డ్. చెయ్యి వణుకుతోంది నీకు. నాకెందుకు చెప్పలేదు?" ఆవిడ కీబోర్డు వైపు తిరిగి, చెప్పాలనిపించలేదు, నువ్వు జాలిపడతావు అని టైపు చేసింది, మిషను అది చక్కగా కొట్టింది. అప్పుడేమన్నాడో తెలుసా? "నేనూ చెప్పలేదు. నాకు చెవులు పోయి చాలా ఏళ్ళయింది. స్పీకర్ మీద వేలు పెట్టుకుని నిన్ను చదువుకుంటున్నాను. ఆ రోజు వేలికి అంతా ఒకే తీరుగా తగిలింది, అందుకే కుట్టుమిషను అన్నాను." బోర్గిల్డ్ నా వైపు తిరిగి, "విన్నావా, ఈ దొంగ ఇన్నేళ్ళూ నా మాటే వినలేదట" అంది. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టాను. ఇద్దరికీ సరిపడా పెట్టి నేనొక్కణ్ణే తాగాను, ఆవిడకి ఆ రోజు కాఫీ ధ్యాస ఎక్కడిది.

అక్కణ్ణుంచి బ్రహ్మాండంగా సాగింది, ఏళ్ళ తరబడి. మాటలన్నీ మిషను కొట్టేది, వీడ్కోలు మాత్రం ఆవిడ చెయ్యి. తెలుసు కదా, మాట అయిపోయాక చివర ఒకరు రెండు చుక్కలు కొడితే అవతలివాళ్ళూ రెండు చుక్కలు తిరిగి కొడతారు, కొట్టకపోతే ఏదో తలుపు తెరిచి వదిలేసినట్టుంటుంది. ఈవిడ రెండు కొడదామంటే మూడు పడేవి, ఓ రోజు ఐదు. హనుస్ ఎన్ని పడితే అన్నీ తిరిగి కొట్టేవాడు, ఒక్కటి తగ్గించేవాడు కాదు. ఆవిడ మురిసిపోయేది, "చూడు, లెక్కపెట్టాడు" అని. జాలీ లేదు, పరామర్శా లేదు, చేపలూ వాతావరణమూ పక్కింటివాళ్ళ మీద చాడీలూ, అంతే. సుఖంగానే పోయింది ఆవిడ. చలికాలంలో, నిద్రలో. ఆ ఆదివారం ఆవిడ బల్ల దగ్గర నేనే కూర్చుని, ఈ డబ్బాతోనే, టైపు చేసి హనుస్‌కి చెప్పాను. నా చేత్తో కొట్టబుద్ధి కాలేదు, ఆయన వేలి కింద ఆ టైములో నా చెయ్యెందుకు. ఆయన థాంక్స్ చెప్పాడు, మర్యాదగా. తర్వాత చివర్లో మూడు చుక్కలు కొట్టాడు. రెండు కాదు. మూడు, ఎగుడుదిగుడుగా, ఒలికిపోతూ, అచ్చం ఆవిడ చెయ్యే. నేను తిరిగి కొట్టలేదు. అవి నాకు కాదు కదా.

ఆ... ఏమిటి అడిగావు? ఆఁ, డబ్బా. పక్కన మీట చిల్లు ఉన్నది కొనుక్కో, లేనిది చవగ్గా వచ్చినా వద్దు. ఒరేయ్ ఈవార్, వినడం చాలించి ఆ వాఫిల్ సంగతి చూడు, మాడిపోతోంది.