సాంబ్రాణి మసక

మదనపల్లెలో శుక్రవారం సాయంత్రం, బయట సన్నగా వాన. హాల్లో రెండు నెలల కింద కొన్న ప్రొజెక్టర్ భార్య వాళ్ల అక్క పెళ్లి వీడియోను తెల్లగోడ మీద వేస్తోంది. భర్త దాని పక్కనే తంటాలు పడుతున్నాడు.

"ఏమయ్యా, అందరూ మబ్బుల్లో తేలతాండారు?"

"ఫోకస్ తిప్పినా, కర్టెన్లు ఏసినా, అయినా మసక పోలేదు. మే, దీన్ని దేవుని గూటి కింద యాల పెట్టినావు?"

"ఆడే గదా ప్లగ్గు ఉండాది."

"వారం వారం నువ్వేసే సాంబ్రాణి పొగంతా దీని కంటికే పట్టిండాది!"

అతను లెన్సును మెత్తని గుడ్డతో తుడిచాడు. గోడ మీద పుంగనూరు పెళ్లిపందిరి తేటపడింది.

"అబ్బ, అక్క ముక్కుపుడక కూడా కనబడతాండాది! ఆపు, ఆపు. సాంబారు బకెట్టు పట్టుకోని నిలబడుండేది నువ్వు గదా?"

"నేనే. పెండ్లికొడుకు ఫ్రెండును గదా, వడ్డనకు పిలిచినారు."

"మరి వడ్డించకుండా ఎవురిని సూస్తాండావు?"

అతను గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"భోజనాల బంతిలో నీకెదురుగా కూర్చోనుండేది నేను! 'మాయమ్మ చెప్పింది, చేసుకుంటి' అని ఇన్నేండ్లూ అంటివే. నేనూ అదే నిజమనుకోని లోపల్లోపలే ఏడిస్తి."

గోడ మీది కుర్రాడు ఆమెనే చూస్తూ ఆగిపోయి ఉన్నాడు. భర్త చెయ్యి మెల్లగా ఫోకస్ మీదికి పోయింది.

"యాలయ్యా మళ్లా మసక చేస్తాండావు?"

"వానికి సిగ్గేస్తాండాది మే."