కీలో లేని జవాబు

కొట్టెయ్యను చీఫ్ ఎగ్జామినర్ గారూ! ఎర్రపెన్ను మీ చేతిలోనూ ఉందిగా, మీరే కొట్టేయండి. వేసిన నాలుగు మార్కులు నేను మాత్రం వెనక్కి తీసుకోను.

జవాబుల కీ చూశానండీ, నాకూ కళ్లున్నాయి. లోహాలు ఎందుకు సాగుతాయి, మిశ్రమలోహం ఎందుకు గట్టిగా ఉంటుంది అన్న ప్రశ్నకి ‘ఎలక్ట్రాన్ల సముద్రం’ అని రాస్తేనే మార్కులట. ఈ పిల్లో పిల్లాడో, నంబరు తప్ప నాకేం తెలుసు, ఆ మాట రాయలేదు. అయితే? సున్నానా?

ఏం రాశారో వినండి ముందు. ‘ఉప్పురాయిని సుత్తితో కొడితే పొడి పొడి అయిపోతుంది. రాగిని కొడితే సాగుతుంది. రాగి పరమాణువులు చివరి ఎలక్ట్రాన్లని ఎవరికి వారు దాచుకోవు, ఉమ్మడిలో వేస్తాయి. ఒక వరుస పక్కకి జరిగినా అక్కడా ఆ ఉమ్మడే పట్టుకుంటుంది. ఉప్పులో వరుస జరిగితే ఒకే రకం చార్జ్ ఉన్నవి ఎదురుపడి తోసుకుంటాయి.’

ఇందులో తప్పెక్కడుందో చూపించండి! ఆగండి, ఇంకా ఉంది. ‘కరెంటు పారేదీ అందుకే. ఆ ఎలక్ట్రాన్లు ఎవరి సొంతమూ కావు, తోసినవైపు పోతాయి.’ ఎవరి సొంతమూ కావుట! ఎంత బాగా చెప్పారండీ!

ఇక ఇత్తడి. ‘రాగిలో జింకు కలిపితే, చిన్నపిల్లల బెంచీలో లావుపాటివాణ్ణి ఇరికించినట్టు, వరుసలు సులువుగా జరగవు. అందుకే గట్టిది.’

నవ్వుతారేం? పరీక్షలో బెంచీ గోలేమిటంటారా? కూర్చున్నది బెంచీ మీదే కదండీ, ఇంకేం గుర్తొస్తుంది!

ఈ నాలుగుతో కలిపి ముప్ఫై ఆరు, పాసు. తీసేస్తే ముప్ఫై రెండు. ఇంత తెలిసిన బుర్ర ఫెయిలని ఇంట్లో కూర్చోవాలి. ఇదిగో, ఈ ఇంకో పేపరు చూడండి. సముద్రం అని మూడుసార్లు రాసి, ‘కావున లోహాన్ని తాకితే చల్లగా, తడిగా ఉండును’ అన్నాడు మహానుభావుడు. మీ కీ ప్రకారం వీడికి మూడు మార్కులు వేశాను. తడిగా ఉంటుందిటండీ ఇనుము!

ఏమిటీ? ముక్కూమొహం తెలీని పేపరు కోసం ఇంత పట్టుదల ఎందుకనా?

చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. సముద్రం అని బోర్డు మీద రాసి కింద గీత కూడా గీస్తాను. ఒకసారి ఒకమ్మాయి లేచి, ‘సముద్రం ఉంటే లోహం విరక్కుండా ఎందుకు సాగుతుంది టీచర్?’ అనడిగింది. సిలబస్‌లో లేదు, కూర్చో అన్నాను. నాకు తెలిస్తేగా చెప్పడానికి! ఆ పిల్ల మళ్లీ ఏడాదంతా చెయ్యెత్తలేదు.

నిన్న మధ్యాహ్నం ఈ పేపరు చదివాకే నాకా పాఠం అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయానండీ.

రేపట్నుంచి పేపర్లు దిద్దడానికి రావద్దంటారా? రాను. బడికి పోయి, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆ పాఠం చెప్పుకుంటాను.