వెళ్ళొస్తానన్నవాళ్ళు

అయ్యగారు కంచం ముందు కూర్చోగానే ఆఫీసు నుంచి ఫోన్. తను రాసిన వెబ్‌సైటు మళ్ళీ చతికిలబడిందట. లేచి చొక్కా వెతుక్కున్నాడు.

"ఈసారి ఏమైంది?" అంది భార్య.

"లోపలికొచ్చిన ప్రతి మనిషికీ సర్వర్లో ఓ కుర్చీ వేయించాను. అతను ఫారం ఎంతవరకు నింపాడో, ఏం ఎంచుకున్నాడో అన్నీ ఆ కుర్చీలోనే ఉంటాయి."

"మంచిదేగా!"

"పోతూ పోతూ లాగౌట్ నొక్కితే నా ప్రోగ్రాం కుర్చీ తీసేస్తుంది."

"నొక్కరా?"

"నువ్వెప్పుడైనా నొక్కావా?"

"నేనెందుకు నొక్కుతాను? ఫోన్ పక్కన పడేస్తాను."

"ఊరంతా నీలాంటివాళ్ళే. వాళ్ళు తిరిగొస్తారని నా ప్రోగ్రాం ఖాళీ కుర్చీలకు కాపలా కాస్తోంది. కొత్తవాళ్ళకి నిలబడ్డానికి కూడా చోటు లేదు."

"ఇంతసేపటికి రాకపోతే తీసెయ్యమని గడువు పెట్టలేదా?"

"మర్చిపోయాను. గడువు పెట్టడం మర్చిపోకండని పోయిన వారమే ఆఫీసులో అందరికీ పాఠం చెప్పాను కూడా."

ఆమె నవ్వాపుకుంది. అతను గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు.

"వెళ్ళొస్తా."

"ఆ మాట చెల్లదు. కంచం ఎంతసేపు ఉంచాలో చెప్పి వెళ్ళండి."

"గంట."

"గంట దాటితే?"

"తీసెయ్. కంచాన్నే సుమా, నన్ను కాదు!"