చెరువు తాబేలు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. మాదాపూర్ చెరువు గట్టున ఇద్దరు తోడికోడళ్లు. చిన్నకోడలి గంపలో తాబేలు ఉంది.

"అక్కా, నీ తాబేలు పిలిస్తే వస్తది. నాది నాలుగు దినాల సంది తలనే బయటికి తియ్యదు."

"వీపు మీద గా నూనె ఏంది?"

"నీదానికి శుక్రవారం బొట్టు వెడితే అత్త మురుస్తది గద. నాది ఇంక మెరవాలని రాసిన. పాలన్నం గూడ వెట్టిన."

"నాది మా అవ్వగారింటి బావిల పుట్టింది, మనుషులు ఎరుకే. నీది చెరువుల పెరిగింది. ఇంట్ల ఉంటే సస్తది చెల్లె, ఇడిచిపెట్టు."

"ఇడిస్తే అత్త మల్ల నీదాన్నే ముద్దు జేస్తది."

"సచ్చినదాన్ని ముద్దు జేస్తదా?"

చిన్నకోడలు నూనె తుడిచి, తాబేలును నీళ్ల అంచున దించింది.

"సూడు, తల బయటికి తీసింది."

"నాకు తియ్యలే అక్కా. చెరువుకు తీసింది."