ధాన్యం పోస్తూనే ఉన్నాను

ఇదేం తినడమండీ? కొరమీను ముక్క కంచంలో అలాగే ఉంది. గుడ్డు సగం కొరికి వదిలేశారు. బాలేదా? బాలేకపోతే తిట్టండి పోనీ, కంచం విసిరికొట్టండి. అదీ లేదాయె!

రాజమండ్రి డాక్టరు గారు ఏమన్నారు? మీరూ పక్కనే కూర్చున్నారుగా. మీరు రైస్ మిల్లులో పనిచేస్తారని, నాకు అర్థం కావాలని, మిల్లు మాటల్లోనే చెప్పారాయన. గుడ్లలో, చేపల్లో, పప్పుల్లో టైరోసిన్ అని ఒకటుంటుందట. అది ధాన్యం. మెదడు దాన్ని ఆడించి డోపమైన్ అనే బియ్యం తీస్తుందట. ఆ బియ్యం ఉంటేనే మనిషికి ఏదైనా కావాలనిపించేది, ఏదైనా చూస్తే సంబరం పుట్టేది.

మీరేం చేశారు? మందు పోసి పోసి, ఉన్న బస్తాలన్నీ ఒక్క సాయంత్రంలో గుమ్మరించేశారు. రోజూ అదే పని. చివరికి మిల్లే మొరాయించింది. తాగుడు మానేసినా వెంటనే ఆడదట. నెలలు పడుతుందట, ఒక్కొక్కరికి ఏడాది దాటుతుందట.

ఒక్క తిండితో అయ్యేది కాదమ్మా అని కూడా అన్నారు లెండి. నాకు వినపడలేదనుకోండి! నాకొచ్చిందేంటి, వండటం. మీరు మానేసిన రోజు నుంచి ధాన్యం పోస్తూనే ఉన్నాను. గుడ్లు, వేరుశనగలు, నువ్వుండలు. ఒక్క బియ్యపు గింజ రాలితే ఒట్టు.

పొద్దున లోవలక్ష్మి ఫోన్ చేసిందా? ఆసుపత్రి మంచం మీద నుంచి, ఒళ్లో పసిగుడ్డుతో. మనకున్న ఒక్కగానొక్క కూతురు. "నాన్నా, నీకు మనవరాలు. అచ్చం నీ ముక్కే" అంది. మీరేమన్నారు? ఊ అన్నారు. ఊ ఏంటండీ, ఊ! ఫోను నా చేతిలో పెట్టేసి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. "నాన్నకి నేను అక్కర్లేదామ్మా?" అని అదెంత ఏడ్చిందో తెలుసా? సిగ్నల్ సరిగ్గా లేదే అని అబద్ధమాడాను.

తాగే రోజుల్లో అయితేనా! మిల్లు దగ్గర లారీలన్నీ ఆపి మిఠాయి పంచేవారు. దుర్గా, తాతనయ్యానే అని వీధంతా వినపడేలా అరిచేవారు. ఆ తర్వాత వాంతులు కడిగేది నేనే, దెబ్బలు తినేదీ నేనే. మర్చిపోలేదు. కామెర్లతో పడుంటే, ఇంక చుక్క తగిలితే మనిషి దక్కడన్నారు. అదీ మర్చిపోలేదు. అయినా...

అయినా ఒకటి చెప్తాను, కోప్పడకండి. మీరు కోప్పడరుగా, అదేగా నా ఏడుపు.

ఇదిగో. బియ్యం డబ్బాలో దాచాను. మండపేటలో అయితే ఎవరైనా చూస్తారని బస్సెక్కి పక్కూరు వెళ్లి, తల మీద కొంగు కప్పుకుని కొన్నాను. మీ బ్రాండే.

అయ్యో... నవ్వారు! కళ్లు వెలిగాయండీ! మనవరాలు పుట్టిందంటే రాని నవ్వు, మూతైనా తియ్యని సీసాని చూస్తే వచ్చింది. మిల్లు ఆడుతుందన్నమాట. దీనికొక్కదానికే ఆడుతుందన్నమాట.

వద్దు, చెయ్యి తియ్యండి. ఇవ్వను. తూములో పారబోసేస్తాను, నా మంగళసూత్రం మీద ఒట్టు.

పారబోస్తానండీ. ఒక్క నిమిషం ఆగండి. పిల్లకి వీడియో కాల్ చేస్తున్నాను. ఫోను వెనకాల సీసా పట్టుకుంటాను, దానికేసే చూడండి. మరెటూ చూడకండి, మీకు దణ్ణం పెడతాను.

లోవా! ఇదిగోనే, మీ నాన్న. పాపని కాస్త పైకెత్తు. చూశావా, ఎలా నవ్వుతున్నారో!